ముప్పై ఆరు శాలువాలు

కొలంబోలో ఒక హోటల్ ఈతకొలనులో క్రాంతి కుమార్ శవం తేలినప్పుడు అతని మెడలో కాన్ఫరెన్స్ బ్యాడ్జ్ ఇంకా వేలాడుతూనే ఉన్నది. నీళ్ళలో తడిసి పేరు చెరిగిపోయింది. దాని కింద ‘స్టూడెంట్’ అన్న మాట మాత్రం చెరగలేదు. దానికి మంచి ఇంకు వాడినట్టున్నారు.

ఈత పోటీల్లో యూనివర్సిటీకి రెండు కప్పులు తెచ్చిన పిల్లవాడు అతను. అక్కడి పోలీసులు ప్రమాదం అని రాశారు. ఇక్కడ నిఘా శాఖవాళ్ళు అనుమానాస్పదం అని రాశారు. వసంత ఏమీ రాయలేదు. శాఖ కోసం వేగు చూడమని అతన్ని ఒక విదేశీ ముఠాలోకి పంపింది ఆమే. విమానం ఎక్కే ముందు ‘ఏం కాదు’ అని చెప్పింది కూడా ఆమే.

ఇది పద్నాలుగు నెలల కిందటి మాట. అప్పటినుంచి వసంతకు ఏమీ అనిపించడం లేదు. ఏడవలేదు. నిద్ర పట్టలేదా అంటే, బాగానే పట్టింది. శాఖ డాక్టరు ఒక ఫారం ఇచ్చి, మీ బాధ ఒకటి నుంచి పది వరకు ఎంతో టిక్కు పెట్టమంటే ఆమె సున్నా కోసం వెతికింది. సున్నాకు గడి లేదమ్మా, అన్నాడాయన. ఆమె పెన్నుతో ఒక గడి గీసి టిక్కు పెట్టి ఇచ్చింది. డ్యూటీకి ఫిట్ అని రాశాడు.

వసంత అన్నది శాఖ ఇచ్చిన పేరు. పదకొండేళ్ళుగా అదే పేరు. ఫైళ్ళలో నంబరు నలభై ఒకటి. అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉన్నది, ఆధార్ కార్డు శాఖ బీరువాలో ఉన్నది, బీరువా తాళంచెవి ఎక్కడున్నదో ఎవరికీ తెలియదు.

శుక్రవారం పొద్దున ఆమె మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక నర్సరీ ముందు దిగి, ప్లాస్టిక్ పూల మొక్కలు ఉన్నాయా అని అడిగింది. అది కోడ్. ఇదివరకు కోడ్ నల్ల గులాబీ. పోయిన నెల ఎవరో పెద్దమనిషి నిజంగానే నల్ల గులాబీ కావాలని వస్తే నర్సరీ యజమాని మాణిక్యం ఆయన్ని గ్రీన్‌హౌస్‌లోకి తీసుకుపోయి సగం బ్రీఫింగ్ ఇచ్చేశాడు. ఆయన శ్రద్ధగా విని, ఇంతకూ మొక్క ఎంత అన్నాడట. అందుకని మార్చారు.

మాణిక్యం వయసు యాభై ఎనిమిది. మనిషి చూడ్డానికి ఎరువుల బస్తాలా ఉంటాడు. దేశంలో సగం మంది ఏజెంట్లకు పై అధికారి. గ్రీన్‌హౌస్‌లో జర్బరా మొక్కల మధ్య నిలబడి ఆయన చెప్పింది ఇది.

ముఠా పేరు కోరల్‌బ్రిడ్జ్ స్టూడెంట్ ఫెలోషిప్. వెనక ఉన్న దేశం పేరు మీద ఫైల్లో నల్ల ఇంకు పూసి ఉన్నది. కంప్యూటర్ సైన్స్ సదస్సులు ఎక్కడ జరిగితే అక్కడికి వస్తారు. నీ పరిశోధన పోస్టర్ ఎంపికైందని పిల్లకు మెయిల్ వస్తుంది, పోవడానికి చార్జీలుండవు. ఆ రెండింటి నడుమ ఖాళీలో ఈ ముఠా కూర్చుంటుంది. టికెట్ ఇస్తుంది, హోటల్ ఇస్తుంది, బదులుగా ఒక చిన్న పని అడుగుతుంది. ఇప్పటికి కొలంబోతో కలిపి ఆరు సదస్సులు, ఆరు చిన్న పనులు. ఏడోది ఈ సోమవారం, మొయినాబాద్ రిసార్ట్‌లో. బ్రోచర్లో ‘విద్యార్థులకు సువర్ణావకాశాలు’ అని ఒక పేజీ పూర్తిగా కేటాయించారు. పోస్టర్ పోటీ, వలంటీర్ సర్టిఫికెట్, మెంటర్లతో భోజనం.

“టార్గెట్?” అన్నది వసంత.

“కరెంట్ గ్రిడ్. డాక్టర్ ఆనంద్ బాబు అని గ్రిడ్ సైంటిస్టు వస్తున్నడు. పదకొండున్నర నుంచి పదకొండు నలభై అయిదు దాక ఆయన లాప్‌టాప్‌ను కంట్రోల్ రూమ్‌తోని లైవ్‌గ కలుపుతరు. పదిహేను నిమిషాలే. ఆ తర్వాత లైను దానంతట అదే తెగుతది. ఆ పదిహేను నిమిషాలల్ల ఆ లాప్‌టాప్‌కు ఎవరో ఒక స్టూడెంట్ ఏదో ఒకటి పెడతరు. ఎవరో తెలవదు. ఏందో తెలవదు.”

డెమో ఆపేస్తే సరిపోతుంది కదా అని ఆమె అడిగింది. ఆపితే ముఠా ఎనిమిదో సదస్సుకు పోతుందన్నాడు మాణిక్యం. పెట్టేటప్పుడే పట్టుకోవాలి.

“మరి ఆ స్టూడెంట్?”

“వస్తువు ఎవరి చేతిల ఉంటే కేసు వాళ్ళదే.”

వసంత కవర్ స్టూడెంట్ వలంటీర్ల కోఆర్డినేటర్. టీషర్టులు, భోజనం కూపన్లు, స్టేజి ప్రోటోకాల్, శాలువాలు, మెమెంటోలు ఆమె బాధ్యత. గ్యాజెట్లు మూడు. కెమెరా ఉన్న పెన్ను. రేడియో సిగ్నల్ పసిగడితే కీచుమనే జడ క్లిప్పు. నాలుగు వందల సెల్‌ఫోన్లుండే హాల్లో అది ఏం చేస్తుందో ఎవరూ ఆలోచించలేదు. మూడోది బట్టలో చుడితే కనపడని నైలాన్ బేడీలు. లోపల తోడుగా అక్షిత ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా శాఖ మనిషి. ఇప్పుడు సదస్సు కమిటీలో ఇండస్ట్రీ మెంటర్ వేషంలో ఉన్నది.

అక్షితను ఎవరైనా ఒక్కసారి చూస్తే మరచిపోరు. నల్లటి జుట్టులో నుదుటి మీద ఒకే ఒక్క తెల్ల పాయ. చేనేత చీర, చేతుల్లేని జాకెట్టు. ఆమె కారిడార్లో వస్తుంటే ప్రొఫెసర్లు పొట్టలు లోపలికి పీల్చుకునేవాళ్ళు. గూఢచారిణి ఇంత గుర్తుండిపోయేలా ఉండొచ్చా అని వసంత ఒకసారి అడిగితే, అందరూ నన్నే చూస్తారు కాబట్టి నేనేం చేస్తున్నానో ఎవరూ చూడరు అన్నది.

శనివారం టీషర్టు కొలతలన్న వంకతో వసంత పద్దెనిమిది మంది వలంటీర్ల బ్యాగులూ వెతికింది. చార్జర్లు, సెంటు సీసాలు, ఒక మామిడికాయ తొక్కు డబ్బా, సప్లిమెంటరీ హాల్‌టికెట్ ఒకటి దొరికాయి. పనికొచ్చేది ఏదీ లేదు. ఆదివారం ఇళ్ళు చూడటం మొదలుపెట్టింది. లిస్టులో మూడో పేరు జెన్నీ. మూడో సంవత్సరం, సీఎస్ఈ, ఊరు మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్. ఆటో దిగేసరికి ఇంటికి తాళం వేసి ఉన్నది. ఆదివారం పదకొండింటికి ఆ ఇంటివాళ్ళు ఎక్కడుంటారో అడగాల్సిన పని లేదు. వసంత కొంగు నెత్తిన వేసుకొని చర్చిలో ఆడవాళ్ళ వైపు వెనక వరుసలో కూర్చున్నది. పాటలు వస్తుంటే నోరు దానంతట అదే పాడింది. చిన్నప్పుడు నేర్చుకున్నవి.

పాటల తర్వాత పాస్టరు, దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పదలిస్తే ముందుకు రావచ్చన్నాడు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ ఒకామె లేచింది. పక్కన కూర్చున్న అమ్మాయి ఆమె కొంగు పట్టి లాగింది. ముసలమ్మ కొంగు విడిపించుకొని పోయి మైకు అందుకున్నది. ఆ అమ్మాయి జెన్నీ. ముసలమ్మ ఆమె నానమ్మ బీరమ్మ.

“ప్రభువు నామంల అందరికి వందనాలు,” అన్నది బీరమ్మ. “మా జెన్నీకి పోర్టో అనే ఊరికి విమానం టికెట్ ఇస్తున్నరు. ఎవ్వలకు చెప్పొద్దన్నది ఆ మేడం. మనుషులకు చెప్పొద్దన్నది గని, దేవుని సన్నిధిల చెప్పకుంట ఎట్లుంట? మేడం మా ఇంటికొచ్చింది. చాప మీదనే కూసున్నది. పుంటికూర తోని మూడు జొన్నరొట్టెలు తిన్నది. నెత్తి ముందట ఒక్క పాయ తెల్లగున్నది, మిగతదంత నల్లగ. రంగేసుకున్నదో దేవుడే చేసిండో. మా పిల్లకు ఒక బటన్ల పెట్టె ఇచ్చింది. సోమవారం కరెంటు సారు వచ్చినప్పుడు దాని పుల్ల కంప్యూటర్ల పెట్టి, పెట్టె సారు చేతికియ్యాలెనట. గంతే పని. గంత చిన్న పనికి గంత పెద్ద దీవెన. పిల్ల చెయ్యి వణకకుంట ప్రార్థన చెయ్యుండ్రి.”

చర్చి గోపురం మీద రెండు మైకులు కట్టి ఉన్నాయి. ఈ మాటలు ఊరి చివర కోళ్ళ ఫారం దాకా వినపడ్డాయి. ఏడు దేశాల నిఘా సంస్థలు రెండేళ్ళుగా తవ్వుతున్న సంగతిని బీరమ్మ నాలుగు నిమిషాల్లో చెప్పేసి, కొంగుతో ముఖం తుడుచుకొని వచ్చి కూర్చున్నది. పాస్టరు ప్రార్థన మనవుల పుస్తకంలో రాసుకున్నాడు: జెన్నీ, కంప్యూటర్, చెయ్యి వణకకుండా.

అందరితోపాటు వసంత కూడా ఆమెన్ అన్నది.

బయటికి వచ్చి మాణిక్యానికి ఫోన్ చేసింది. తెల్ల పాయ అనగానే ఆయన గ్రీన్‌హౌస్ తలుపు వేసిన చప్పుడు వినపడింది. తర్వాత, చర్చిలో ఒక ముసలమ్మ చెప్పిన మాట మీద తొమ్మిదేళ్ళ ఆఫీసర్ను పట్టుకోలేనన్నాడు. పిల్లను డ్యూటీ నుంచి తీసేస్తే అక్షితకు తెలిసిపోతుంది. తెలిసిన పిల్లకు ఏమవుతుందో కొలంబోలో చూశాం. పిల్లతో పెట్టిస్తే పిల్ల జైలుకు పోతుంది. ఈ మూడు వాక్యాలూ ఆయనే వరుసగా చెప్పి, నాలుగోది ఉంటే నువ్వే చెప్పు అన్నాడు.

“అక్షిత చేతులతోనే పెట్టిస్త,” అన్నది వసంత.

“ఆమె ఎందుకు పెడతది? అందుకే గద పిల్లను పెట్టుకున్నది.”

“టైం లేకుంట చేస్త.”

ఎట్లా అని ఆయన అడగలేదు. అడిగినా అప్పటికి ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం జెన్నీ ఇంటికి పోయింది. తల్లి చేవెళ్ల మార్కెట్లో టమాటా గంపలు మోసే పనికి పోయి ఉన్నది, తండ్రి డ్యూటీలో ఉన్నాడు. బీరమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. వసంత తానెవరో చెప్పింది, ఎలాంటి పని మీద వచ్చిందో చెప్పింది. పదకొండేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి కష్టమేమీ అనిపించలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పేసింది.

జెన్నీ లేచి, బియ్యం డబ్బాలోంచి స్లైడ్లు తిప్పే క్లిక్కర్ తీసి చాప మీద పెట్టింది. వేలంత రిమోట్, దానికి గోరంత రిసీవర్.

“నాకు డౌటొచ్చింది మేడం,” అన్నది. “అన్ని క్లిక్కర్లు కంప్యూటర్‌కు నేను కీబోర్డును అని చెప్పుకుంటయి. అది మామూలే. ఇది నేను నెట్‌వర్క్ కార్డును అని గూడ చెప్పుకుంటున్నది. స్లైడ్లు తిప్పేదానికి నెట్‌వర్క్ ఎందుకు?”

“మరి ఎందుకు అడగలేదు?”

“అడిగితే గ్రాంట్ పోతదని.”

ఈ జవాబు క్రాంతి కుమార్ కూడా చెప్పి ఉండేవాడని వసంతకు తెలుసు. ఆ ఆలోచన వచ్చి, ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఆగని రైలులా పోయింది.

జెన్నీ పోస్టర్ పోర్చుగల్‌లోని పోర్టో సదస్సుకు నిజంగానే ఎంపికైంది. ముఠాకు దానితో సంబంధం లేదు. మార్కెట్లో వేలం పాట పాడేవాళ్ళ మాటలను కంప్యూటర్‌తో గుర్తుపట్టించడం ఆమె ప్రాజెక్టు. అందుకు నలభై గంటల గొంతులు కావాలి. తల్లి ఫోన్ రైకలో పెట్టుకొని గంపలు మోస్తూ రెండు నెలలు రికార్డు చేసింది. పోర్టో సదస్సులో ఆ పని తెలిసినవాళ్ళు ముగ్గురు ఉన్నారట. వాళ్ళ పేర్లు జెన్నీకి బంధువుల పేర్లలా నోటికొచ్చు.

కేసు అక్షిత మీద పడాలంటే రేపు ఏం చేయాలో వసంత చెప్పింది. క్లిక్కర్ నీ దగ్గరే ఉంచుకో. ఎవరు చెప్పినా స్టేజి ఎక్కకు. అక్షిత చేయి చాపి అడిగితే మాత్రం ఇచ్చెయ్. నువ్వుగా ఇవ్వకు, ఆమె అడగాలి. జెన్నీ అన్నిటికీ తల ఊపింది. చివరికి ఒక్కటే అడిగింది.

“మరి పోర్టో?”

“పోర్టో లేదు బిడ్డ.”

జెన్నీ ఏడవలేదు. క్లిక్కర్ తీసుకొని మళ్ళీ బియ్యం డబ్బాలో పెట్టింది. బీరమ్మ చాయ్ తెచ్చి, ప్రార్థన పని చేస్తున్నట్టున్నది, పిల్ల నిమ్మళంగ కూసున్నది అన్నది.

చేవెళ్లకు షేర్ ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కొని పోతున్నప్పుడు వసంతకు పదిహేను నిమిషాలు ఎలా తినాలో తట్టింది. బస్టాండు దగ్గర ఒక ఫంక్షన్ హాలు ముందు రిటైరయిన టీచరుగారిని సన్మానిస్తున్నారు. వీధి వీధంతా ఆగి ఉన్నది. ఆటోలు హారన్ కొట్టడం లేదు. కొట్టేవి కూడా ఆపేసి చూస్తున్నాయి.

పాండురంగం బట్టల షాపుకు పోయి ముప్పై ఆరు శాలువాలు కావాలన్నది.

“పెండ్లా అమ్మా, పదవీ విరమణా?” అన్నాడు పాండురంగం.

“కంప్యూటర్లు.”

“ఆహా, రేపటి సదస్సా. మా కల్యాణే గద అక్కడ మైకు పట్టేది. ఫైనలియర్. ఏది రాసిస్తే అది చదువుతడు, జర పొడుగు చేసి చదువుతడు.” ఆయన శాలువాలు మూట కడుతూ, అసలు ప్రోగ్రాంలో పన్నెండే అని కల్యాణ్ చెప్పాడన్నాడు. పెరిగాయి అన్నది వసంత. పెరగాలె అన్నాడాయన.

సోమవారం దీపం వెలిగించడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఏసీ గాలికి వత్తి నిలవలేదు. వసంతకు అది కలిసొచ్చింది. పదకొండుంబావుకు ఆమె కల్యాణ్ చేతిలో ముప్పై ఆరు చీటీలు పెట్టింది. ఒక్కో పేరు చదవాలి, ఒక్కో శాలువా పడాలి, కప్పించుకున్నవారిని రెండు మాటలు చెప్పమని వినయంగా కోరాలి.

సన్మానం వద్దనే మనిషి ఆ హాల్లో ఒక్కడూ లేడు. వద్దు వద్దంటూనే లేచారు, లేచేటప్పుడే చొక్కా సర్దుకున్నారు. చైర్మన్, ఆయన తమ్ముడు, ప్రిన్సిపాల్, ముగ్గురు వైస్ ప్రిన్సిపాళ్ళు. రెండు మాటలన్నవాళ్ళెవరూ రెండుతో ఆపలేదు. ఒక విదేశీ ప్రొఫెసర్ శాలువా ఏసీ చలికి ఇచ్చారనుకొని నిండుగా కప్పుకొని, చాలా థాంక్స్ చెప్పి కూర్చున్నాడు.

పదకొండున్నర. స్టేజి వెనక తెర మీద గ్రిడ్ మ్యాప్ పచ్చగా వెలిగింది. దక్షిణాది మొత్తం చుక్కలు చుక్కలుగా మిణుకుమంటున్నది. పోడియం మీద లాప్‌టాప్ తెరిచి ఉన్నది. డాక్టర్ ఆనంద్ బాబు ఉత్సాహంగా లేచాడు. కల్యాణ్ పదో చీటీ చదివాడు. ఆయన కూర్చున్నాడు.

స్టేజి మెట్ల దగ్గర జెన్నీ క్లిక్కర్ పట్టుకొని నిలబడి ఉన్నది. ముందు వరుసలో అక్షిత వాచీ చూసుకున్నది. వసంత స్టేజి మీద ట్రే పట్టుకొని ఆమెనే చూస్తున్నది. ప్రమాదం అక్కడున్నదని తెలుసు, భయం మాత్రం రాలేదు. జడ క్లిప్పు పొద్దుటినుంచి ఆగకుండా కీచుమంటున్నది. పక్కనున్న ప్రిన్సిపాల్ గారి వినికిడి మిషన్ అని అందరూ అనుకున్నారు.

పదకొండు ముప్పై ఆరు. రిసార్ట్ మేనేజరుకు శాలువా. అక్షిత లేచి, నవ్వుతూ, అందరికీ నమస్కారాలు పెడుతూ మెట్ల దగ్గరికి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో తర్వాత జెన్నీ చెప్పింది.

“ఇప్పుడే పోయి పెట్టెయ్యి.”

“శాలువాలు అయ్యేదాక వలంటీర్లు స్టేజి ఎక్కొద్దన్నరు మేడం.”

“నేను చెప్తున్న కదా.”

“పేపర్ల రాసిచ్చిండ్రు మేడం.” జెన్నీ జేబులోంచి ప్రోటోకాల్ పేపరు తీసి, మడత విప్పి, వేలు పెట్టి చూపించింది. సంతకం ఉన్నది, స్టాంపు కూడా ఉన్నది.

పదకొండు ముప్పై తొమ్మిది. కరెంటు ఏఈ గారు రెండు మాటలు చెప్తూ తన బాల్యంలోకి పోయాడు. నలభై. ఆయన ఇంకా ఏడో తరగతిలోనే ఉన్నాడు. నలభై ఒకటి. అక్షిత తెల్ల పాయను చెవి వెనక్కి దోపుకొని చేయి చాపింది.

జెన్నీ క్లిక్కర్, రిసీవర్ రెండూ ఆమె అరచేతిలో పెట్టింది. చెయ్యి వణకలేదు.

వసంతకు కావలసినదాంట్లో అది సగం. మిగతా సగానికి ఆ రిసీవర్ లాప్‌టాప్ దాకా పోవాలి, లోపలికి మాత్రం పోకూడదు.

నలభై మూడు. అక్షిత మెట్లెక్కింది. మెంటర్ కాబట్టి ఎవరూ ఆపలేదు. డాక్టర్ ఆనంద్ బాబుకు స్లైడ్లు సెట్ చేసిపెడతాననే ముఖం పెట్టి పోడియం వైపు నడిచింది. ఏఈ గారి బాల్యం ముగిసింది. వసంత కల్యాణ్ చేతిలోని చీటీల్లోంచి అన్నిటికన్నా అడుగున ఉన్నది లాగి పైన పెట్టింది. కల్యాణ్ మైకులో ఊపిరి తీసుకున్నాడు.

“ఇప్పుడు మహిళాశక్తికి నిలువెత్తు రూపం, యువతరానికి దిక్సూచి, డాక్టర్ అక్షిత గారిని సగౌరవంగా సన్మానించుకుందాం.”

నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. అక్షిత పోడియం దగ్గర ఆగింది. ఆగక తప్పదు. నవ్వక కూడా తప్పదు. నవ్వుతూనే కుడిచేతిని దండం పెడుతున్నట్టు ఎత్తి, ఎడమచేతిని లాప్‌టాప్ పక్కకు జరిపింది. నలభై నాలుగూ ముప్పై సెకన్లు. రిసీవర్ లోహపు అంచు పోర్టు అంచుకు తగిలింది.

అప్పుడే శాలువా పడింది.

వసంత దాన్ని భుజాల మీదుగా వేసి ముందుకు లాగింది. రెండు మోచేతులూ ఒంటికి అతుక్కుపోయేలా చుట్టింది, పసిపిల్లకు స్నానం చేయించాక చుట్టినట్టు. శాలువా కింద నైలాన్ బేడీలు కిర్రుమన్నాయి. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. నలభై నాలుగూ యాభై రెండు. ఫోటోగ్రాఫరు ఇద్దరినీ దగ్గరికి జరగమన్నాడు.

“నీకు నా మీద కోపం గూడ లేదా?” అన్నది అక్షిత పెదవులు కదపకుండా. “క్రాంతి చివరికి నీ పేరే పిలిచిండు.”

“అది నా పేరు కాదు,” అన్నది వసంత. “కెమెరా దిక్కు చూడు.”

ఫ్లాష్ పడింది. తెర మీద పచ్చ చుక్కలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పదకొండు నలభై అయిదు. లైను తెగింది.

హాలు వెనక నుంచి మాణిక్యం పెద్ద బొకేతో వచ్చాడు. పొద్దుటినుంచి స్టేజికి పూలు సప్లై చేస్తున్నది ఆయనే. అక్షిత గారికి అర్జెంటు పని పడిందని చెప్పి, శాలువాతో సహా ఆమెను వంటగది గుండా తీసుకుపోయాడు. శాలువా మడతలోంచి రిసీవర్ దొరికింది. ఆమె వేలిముద్ర చక్కగా పడి ఉన్నది. ముఖ్య అతిథులు మధ్యలోనే వెళ్ళిపోవడం మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. సమయాభావం వల్ల లైవ్ డెమో రద్దయిందని కల్యాణ్ ప్రకటించాడు. భోజనాలకు దారి దొరికిందని జనం అసలైన చప్పట్లు అప్పుడు కొట్టారు.

రెండింటికి పోస్టర్ పోటీ. జెన్నీ తన నలభై మూడో నంబరు పోస్టర్ ముందు నిలబడి ఇద్దరు జడ్జీలకు చెప్పింది. ఒకరు విన్నారు. బహుమతి పుట్టగొడుగుల పెంపకానికి బ్లాక్‌చెయిన్ వాడిన బృందానికి వచ్చింది. డాక్టర్ ఆనంద్ బాబు తన మూడు శాలువాలూ మోచేతి మీద వేసుకొని వచ్చి, పోస్టర్ మొత్తం చదివి, బాగుందమ్మా, కంటిన్యూ చెయ్యి అని పోయాడు. మొయినాబాద్‌లో దేశానికి జరగబోయిన నష్టం సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియదు.

నాలుగింటికి వలంటీర్ల గదిలో వసంత మిగిలిన కూపన్లు సర్దుతుంటే జెన్నీ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. వచ్చే ఏడాది ఇదే సదస్సు కౌలాలంపూర్‌లో. దానికి సదస్సువాళ్ళే ఇచ్చే స్టూడెంట్ ట్రావెల్ గ్రాంట్ ఒకటి ఉన్నది. నిజమైనది, విమానం టికెట్‌లో సగమే ఇస్తారు. ఈరోజు అయిదింటికి ఆఖరు. కోరల్‌బ్రిడ్జ్ మేడం ఇంకెక్కడా అప్లై చేయొద్దన్నందుకు ఇన్నాళ్ళు ఆగింది. ఫారం నిండింది. రెకమెండేషన్ ఒక్కటే లేదు. హెచ్‌ఓడీ సార్ శాలువా ఇంట్లో చూపించుకోవడానికి పోయి ఫోన్ ఎత్తడం లేదు.

“మీరు రాస్తరా మేడం?”

వసంత పేరుతో రాస్తే రాయవచ్చు. కాని వసంత అనే మనిషి ఎక్కడా లేదు. వాళ్ళు ఒక్క మెయిల్ పెట్టి కనుక్కుంటే ఫారం చెత్తబుట్టలో పడుతుంది, పిల్ల దొంగదవుతుంది. అసలు పేరు ఏ కాగితం మీదా పెట్టరాదన్నది శాఖ మొదటి నియమం. పెడితే ఉద్యోగం పోతుంది. ఆమె ఫోన్ తీసి మాణిక్యం నంబరు చూసింది, చేయకుండానే బల్ల మీద బోర్లా పెట్టింది. జెన్నీని కూర్చోమని, లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నది.

పేరు అన్న గడిలో ప్రేమజ్యోతి అని కొట్టింది. వేళ్ళు ఒక అక్షరం తప్పు కొట్టాయి, అలవాటు లేక. చదువు: ఎంసీఏ. హోదా: మాజీ కంప్యూటర్ లెక్చరర్, చేవెళ్ల. పదకొండేళ్ళ కిందట అది నిజమే. అభ్యర్థి మీకు ఎంతకాలంగా తెలుసు? రెండు రోజులు. అభ్యర్థి గురించి మీ అభిప్రాయం? ఇక్కడ కొంచెంసేపు ఆగింది. తర్వాత రాసింది: ‘ఎవరైనా ఒక వస్తువు చేతికిస్తే, ఆ వస్తువు తన గురించి తాను ఏం చెప్పుకుంటున్నదో చదివి చూసే అలవాటు ఈ అమ్మాయికి ఉన్నది. నాకు తెలిసిన ఒక పిల్లవాడికి ఈ అలవాటు నేర్పకుండా పంపించాను.’

జెన్నీ రెండు వాక్యాలూ చదివింది. టైము చూపించింది. నాలుగూ యాభై ఏడు.

ప్రేమజ్యోతి సబ్మిట్ నొక్కింది. ఫారం పోలేదు. కింద ఇంకొక గడి మిగిలి ఉన్నది: నేను రోబోను కాను.

ఆమె ఆ గడి వైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత టిక్కు పెట్టింది. కంప్యూటర్ నమ్మలేదు. తొమ్మిది బొమ్మలు చూపించి బస్సులున్నవి నొక్కమన్నది. నొక్కింది. కాదన్నది. మళ్ళీ తొమ్మిది బొమ్మలు చూపించింది. ఈసారి ఒక మూల సగమే కనపడుతున్న బస్సును కూడా ఆమె బస్సుగానే లెక్కవేసింది. అప్పుడు, సరే మనిషే, అని ఒప్పుకున్నది.